కుట్టునాన్న

మేస్త్రీ కూతుర్ని పక్కింటి టైలరు లాక్కున్నాడు. ఇందులో అనుమానానికి తావు లేదు. వీధిలో జనం దీన్ని ఇంకోలా చెప్పుకుంటారు. తల్లి పోయిన పిల్లని పక్కింటివాళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకున్నారని, ఆ టైలరు మనసు వెన్న అని. చెప్పుకోనీ. జనం నోటికి వెల్డింగు పెట్టలేడు గదా. మేస్త్రీకి తెలిసింది ఒక్కటే. తనకో కూతురుండేది. టైలరు తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

అదంతా ఒక మాట దగ్గర మొదలైంది.

రెండు కాపురాలూ ఒకే కప్పు కింద. మధ్యలో గోడ, ముందు ఒకటే వరండా. వరండాకి అటు చివర టైలరు కుట్టుమిషను, ఇటు చివర మేస్త్రీ చెప్పులు. మేస్త్రీ ఇంట్లో ఉన్నాడనడానికి ఆ చెప్పులే గుర్తు. మనిషి గొంతు వినపడేది తక్కువ. వీధి చివర రేకుల షెడ్డులో గేట్లూ గ్రిల్లులూ షట్టర్లూ చేసేవాడు. లోకమంతా మేస్త్రీ అని పిలిచేది. పెళ్ళాం కూడా సరదాకి అలాగే పిలిచేది. "మేస్త్రీ, ఇక లేస్తారా, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అనేది. పిల్లకి మాటలొచ్చే వేళకి ఆ ఇంట్లో వినపడిన పిలుపు అదే. అందుకే తండ్రిని చూసి "మేత్తీ" అంది.

పక్కన టైలరు కొడుకు వాళ్ళ నాన్నని పొద్దస్తమానం "నాన్నా, నాన్నా" అంటూ వేపుకు తినేవాడు. మిషను దగ్గర కూర్చునే మనిషిని నాన్న అంటారు కాబోలనుకుంది పిల్ల. పాక్కుంటూ వెళ్ళి, టైలరు మోకాలు పట్టుకుని లేచి నిలబడి, "నాన్న" అంది.

రెండిళ్ళవాళ్ళూ పొట్ట పట్టుకుని నవ్వారు. టైలరు కంగారుపడి, "నేను కాదే తల్లీ, అదిగో, ఆయన" అని వేలు చూపించాడు. పిల్ల ఆ వేలునే చూసింది. నవ్వకపోతే బాగుండదని మేస్త్రీ కూడా నవ్వాడు. లోపల మాత్రం ఏదో కలుక్కుమంది.

కాస్త పెద్దయ్యాక తల్లి సరిదిద్దింది. "నాన్న కాదే. బట్టలు కుట్టే పెదనాన్న." పిల్ల దాన్ని తనకి వీలుగా కత్తిరించుకుని "కుట్టునాన్న" చేసుకుంది. మేస్త్రీ మేస్త్రీగానే ఉండిపోయాడు. వీధిలో అందరికీ ఆ పిలుపు ముద్దొచ్చింది. మేస్త్రీకి ఒళ్ళు మండింది. కుట్టో గిట్టో, వాడి పిలుపులో నాన్న ఉంది. తన పిలుపులో లేదు.

పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదే తల్లి పోయింది. ఆమె పోయిన వారానికే మేస్త్రీ షెడ్డు తెరిచాడు. ఏడవడం చేతకాని మనిషి పనికి పోక ఏం చేస్తాడు? అతన్ని కన్న తండ్రి కూడా అంతే. "నిలబడు", "పట్టుకో", "పో" అన్న మూడు మాటలతో కొడుకుని పెంచి పెద్ద చేశాడు. తండ్రంటే అదేననుకున్నాడు మేస్త్రీ. తిండి పెట్టాలి, ఫీజు కట్టాలి, దెబ్బ తగలకుండా చూడాలి. అవన్నీ లోటు లేకుండా చేశాడు.

సాయంత్రం బడి వదిలాక పిల్ల అప్పుడప్పుడు షెడ్డు దగ్గరికి వచ్చేది. తండ్రి మొహానికి ఇనప మాస్కు. చేతిలో తెల్లటి మంట. అడుగుల చప్పుడు వినగానే లోపల్నుంచి అరిచేవాడు. "చూడకు! కళ్ళు పోతాయి!" కూతురితో అతను ఎక్కువసార్లు అన్న మాట అదే. అనాల్సిన మాటే. ఆ మంటని ఉత్త కళ్ళతో చూస్తే తెల్లార్లూ కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. వెల్డింగు మిషను చప్పుడులో మెల్లగా చెబితే వినపడదని అరిచేవాడు. పిల్ల రెండు చేతులతో కళ్ళు మూసుకుని, వెనక్కి తిరిగి, ఇంటికి పరుగెత్తేది.

ఇంటి దగ్గర టైలరు మాట "చూడు". "ఇటు చూడు తల్లీ. సూది కన్ను వెలుతురుకేసి పెట్టాలి. ఇలా చూడు, గుడ్డకి కూడా ముందూ వెనకా ఉంటాయి, మనిషికి లాగే." చొక్కా కొలతలు ముందు పాత న్యూస్‌పేపరు మీద కత్తిరించేవాడు. చేతి ముక్క మీద సగం హెడ్డింగు పడేది, కాలరు ముక్క మీద పావు హెడ్డింగు పడేది. మిగతా మాట ఏమై ఉంటుందో చెప్పమనేవాడు. కాలర్లూ జేబులూ చదువుతూ చదువుతూ పిల్ల క్లాసులో అందరికన్నా ముందు పేపరు చదవడం నేర్చుకుంది. పంతులమ్మ మేస్త్రీని పిలిచి, "ఇంట్లో ఎవరో దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టున్నారండీ. మీరేనా?" అంది.

"ఎవరూ చెప్పరు" అన్నాడు మేస్త్రీ.

ఆ వారమే వరండా మధ్యలో గ్రిల్లు నిలబెట్టాడు.

ఎందుకని అడిగినవాళ్ళకి దొంగల భయం అన్నాడు. టైలరు వచ్చి ఊచలు తడిమి చూశాడు. "పని మాత్రం శుభ్రంగా ఉంది మేస్త్రీ. ఇంతకీ దొంగ అటున్నాడా, ఇటున్నాడా?" అని నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. ఊచల మధ్య ఎడం పిల్ల తల ఇరుక్కోకుండా లెక్క చూసి పెట్టాడు. చెయ్యి సంగతి ఆలోచించలేదు. ఆ సందులోంచే న్యూస్‌పేపరు కాలర్లూ గుడ్డపీలికలూ రాకపోకలు సాగించాయి. ఇటు నేల మీద పిల్ల, అటు మిషను మీద ఆయన. కబుర్లు ఆగలేదు. సాయంత్రం మేస్త్రీ వీధి మలుపు తిరిగేసరికి ఆ నవ్వులు వినపడేవి. వరండాలో అడుగు పెట్టేసరికి ఆగిపోయేవి. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పగలు అసలు నిప్పు. సాయంత్రం ఇది.

ఒకసారి మాస్కుకున్న నల్లద్దం పగిలింది. పిల్ల ఒక ముక్క ఏరుకుని కంటికి పెట్టుకోబోయింది. మేస్త్రీ దాన్ని పిల్ల చేతిలోంచి లాక్కుని చెత్తలో పారేశాడు. "చెయ్యి తెగుతుంది. పో" అన్నాడు. మర్నాడు చెత్తలో ఆ ముక్క లేదు. అతను పట్టించుకోలేదు.

అలా పెరిగింది. పెరిగిన కొద్దీ టైలరు పోలికలు ఎక్కువయ్యాయి. ఏ వస్తువు చేతికొచ్చినా వెలుతురుకేసి ఎత్తి చూడటం అతనిదే. ప్రతి దానికీ "ఎందుకంటావ్?" అని అడగడం అతనిదే. నవ్వితే ఎడమ మూల నుంచి మొదలయ్యే ఆ నవ్వు కూడా అతనిదే. రక్తం ఒకరిది, నవ్వు ఇంకొకరిది. నవ్వుని కూడా వదల్లేదు, దొంగ వెధవ.

కళ్ళద్దాల పని నేర్చుకుంది. కొన్నాళ్ళు ఇంకొకరి దుకాణంలో చేసింది. చివరికి బజారువీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, తిన్నగా షెడ్డుకి వచ్చింది.

"మేస్త్రీ, నా కొట్టుకి షట్టరు నువ్వే చెయ్యాలి. ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వను."

మేస్త్రీ తల ఊపాడు. ఆ షట్టరు చేసినట్టు అతను ఇంకేదీ చేయలేదు. రేకు తనే వెళ్ళి ఎంచుకున్నాడు. ఆడపిల్ల ఒక్క చేత్తో లాగితే పైకి పోవాలని స్ప్రింగు రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు. హ్యాండిలు అంచులు వేలికి గీసుకోకుండా ఆకురాయితో అరగదీశాడు. చేస్తున్నంత సేపూ ఒకటే ఆలోచన. మొదటిరోజు దాన్ని ఎవరో ఒకరు నలుగురి ముందు ఎత్తుతారు. చేసినవాడు ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు? ఆ మాట కూతురి నోట వినాలని ఉంది. అడగడం అతనికి రాదు.

షట్టరు బిగించిన రోజు, పైన స్ప్రింగుకేసి చూస్తూ, "మొదటిరోజు ఎవరో ఒకరు ఎత్తాలిగా" అన్నాడు.

"ఎత్తుతారులే" అంది ఆమె. ఎడమ మూల నుంచి నవ్వింది.

కొట్టు తెరవడానికి ముందురోజు మధ్యాహ్నం టైలరు కొడుకు స్కూటరు తోసుకుంటూ షెడ్డుకి వచ్చాడు. స్టాండు విరిగింది. వాడు కుదురుగా ఏ పనిలోనూ నిలవలేదు. పెట్టిన సెల్‌ఫోను కొట్టు మూసేశాడు.

"బాబాయ్, రేపు షట్టరు ఎత్తేదెవరో తెలుసా?"

మేస్త్రీ స్టాండు తిప్పి చూస్తున్నాడు.

"నాన్నంట. నిన్న దాన్నే అడిగా. 'నాన్న ఎత్తాలి గానీ ఇంకెవరు ఎత్తుతారు?' అంది. మా నాన్న అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసి తగిలించుకున్నాడు కూడా. నా కొట్టు తెరిచిన రోజు ఏం చేశాడో తెలుసా? కాజాలు కుట్టాలి, మీ అమ్మని తీసుకుపో అన్నాడు."

"మీ నాన్నే అని చెప్పిందా?"

"నాన్న అంది బాబాయ్. నిన్ను అది మేస్త్రీ అంటుందిగా. దానికి ఇంకే నాన్న ఉన్నాడు?" వాడు స్కూటరు సీటు మీద కూలబడ్డాడు. "సొంత కొడుకుని నేను. నాకు లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో లేచి ఆ గ్రిల్లు దగ్గరికి పోయేవాడు. నాకు రాకపోతే 'ఆ పిల్లని చూసి నేర్చుకోరా' అనేవాడు. నువ్వు ఆ ఊచలు ఇంకాస్త దగ్గరగా పెట్టుంటే నేను బాగుపడేవాణ్ణి బాబాయ్."

ఇంకొకడైతే ఆ మాటకి నవ్వేవాడు. లేదా వాడి భుజం తట్టేవాడు. తన మంట ఇంకొకడితో పంచుకోవడం మేస్త్రీకి ఇష్టం లేదు. స్టాండు అతికించి ఇచ్చాడు. "పో" అన్నాడు.

సాయంత్రం కూతురు సామాన్లు సర్దుకుని, షట్టరు దించి తాళం వేసి వెళ్ళేదాకా బజారు మలుపులో కాచుకున్నాడు. తర్వాత చిన్న వెల్డింగు మిషను మోసుకుంటూ వెళ్ళాడు. పక్క కొట్టులో కరెంటు అడిగి తీసుకున్నాడు. "చివరి పని ఒకటి మిగిలింది" అన్నాడు. షట్టరు కింది పట్టీ పక్క గాడితో కలిసే చోట కుడివైపు ఒక చుక్క పెట్టాడు. ఎడమవైపు ఒక చుక్క పెట్టాడు. కందిగింజంత అతుకులు. పైన అదే రంగు పూశాడు.

రేపు జరగబోయేది అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని టైలరు వంగుతాడు. లాగుతాడు. రాదు. మళ్ళీ లాగుతాడు. జనం కిసుక్కుమంటారు. సూది పట్టే చేతులకి షట్టరు లొంగుతుందా అంటారు. అప్పుడు తను వెళ్ళి, "తప్పుకో" అంటాడు. ఉలితో రెండు దెబ్బలు వేస్తాడు. షట్టరు గలగలమంటూ పైకి పోతుంది. ఇనుము ఎవరి మాట వింటుందో, ఆ కొట్టు తెరిచింది ఎవరో కూతురికి తెలుస్తుంది.

పొద్దున బజారువీధిలో పదిమందీ చేరారు. టైలరు ఇస్త్రీ చొక్కాలో, కూతురు చేసిచ్చిన మందపాటి కళ్ళద్దాలతో, ముందు వరసలోనే నిలబడ్డాడు. మేస్త్రీ అందరికన్నా వెనక, స్తంభాన్ని ఆనుకుని ఉన్నాడు. భుజాన సంచి. సంచిలో ఉలి, సుత్తి.

కూతురు వంగి తాళం తీసింది. లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, జనంలోకి చూసింది.

"నాన్నా, రా" అంది.

టైలరు కదల్లేదు. మేస్త్రీ అతని వీపునే చూస్తున్నాడు. కదలవేం, ఎంతసేపు ఈ బెట్టు అనుకున్నాడు. టైలరు వెనక్కి తిరిగాడు.

"నిన్నేనయ్యా మేస్త్రీ! పిల్ల పిలుస్తుంటే అక్కడ నిలబడి స్తంభానికి కాపలా కాస్తావేం?"

కూతురు చెయ్యి చాపి ఉంది. మేస్త్రీ వైపే.

"నీ షట్టరు నువ్వే ఎత్తాలి నాన్నా. ఇంకెవరు ఎత్తుతారు?"

ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం కళ్ళు కాయలు కాచాయో ఆ మాట నడివీధిలో, పదిమందిలో వచ్చింది. మేస్త్రీ కాళ్ళు ముందుకు కదిలాయి. అంతలోనే నిన్న పెట్టిన రెండు చుక్కలూ గుర్తొచ్చాయి. తన అతుకు ఎలాంటిదో తనకి తెలుసు. ఏనుగు లాగినా ఊడదు.

వంగి హ్యాండిలు పట్టుకుని లాగాడు. రేకు దడదడలాడింది. లేవలేదు. మళ్ళీ లాగాడు.

"ఏం మేస్త్రీ, సొంత షట్టరే మాట వినట్లేదా?" అన్నారెవరో.

"ఇంకాస్త చిన్నప్పుడే మాటలు నేర్పాల్సింది!" అన్నాడు ఇంకొకడు. నవ్వులు లేచాయి.

ఒక కుర్రాడు సాయం పట్టబోయాడు. "తప్పుకో" అని మేస్త్రీ కసిరాడు. దాచిపెట్టిన మాట వేరే మనిషి మీద ఖర్చయిపోయింది.

ఈలోగా టైలరు వచ్చి పక్కన వంగాడు. సాయం చేస్తున్నట్టే కింది పట్టీ వెంబడి బొటనవేలు జరిపాడు. గుడ్డలో అతుకు ఎక్కడుందో చీకట్లో కూడా పట్టేసే వేలు అది. కుడి మూల దగ్గర ఆగింది. వేలు తీసి, అంటుకున్న రంగు చూసుకున్నాడు. మేస్త్రీ మొహంలోకి చూశాడు. ఆ మందపాటి అద్దాల్లో మేస్త్రీకి తన మొహమే రెండుసార్లు కనిపించింది.

టైలరు నడుం పట్టుకుని లేచి, అందరికీ వినపడేలా అన్నాడు. "రంగు ఆరకముందే దించేసినట్టున్నారు. పట్టేసింది. కొత్తవాటికి మామూలే. సంచిలో ఏదో ఒకటి ఉంటుందిగా మేస్త్రీ, తియ్యి."

మేస్త్రీ ఉలి తీశాడు. కూతురు దగ్గరగా వచ్చి వంగింది.

"చూడకు" అన్నాడు, అలవాటు కొద్దీ. "పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది."

ఆమె వెనక్కి తిరగలేదు. కుడివైపు ఒక దెబ్బ, ఎడమవైపు ఒక దెబ్బ. రంగు పెచ్చు రాలింది. కింద తెగిన ఇనుము తెల్లగా మెరిసింది. హ్యాండిలు మీద మళ్ళీ చెయ్యి వేయబోయేసరికి, "ఆగు" అంది.

చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో ఆ మెరుపుని తాకింది. ఇనుము కాలిందో చల్లగా ఉందో తెలియనప్పుడు వెల్డింగువాళ్ళు తాకే పద్ధతి అది. అరచేత్తో తాకితే పని చేసే చెయ్యి పోతుంది. టైలర్లకి ఆ అలవాటు ఉండదు. మేస్త్రీ ఆ చేతిని చూశాడు. అప్పటిదాకా ఎప్పుడూ చూడలేదు.

ఆమె రెండో మూల కూడా తాకింది. తడి రంగుకీ అతుకుకీ తేడా తెలియని పిల్ల కాదు. రెండు మూలలూ చూసింది. ఉలి చూసింది. నోరు తెరుచుకున్న సంచి చూసింది. కొట్టు తెరవడానికి వచ్చేవాడు సంచిలో ఉలీ సుత్తీ ఎందుకు తెస్తాడు? ఆమెకి "ఎందుకంటావ్?" అని అడిగే అలవాటు చిన్నప్పట్నుంచీ ఉంది. ఈసారి అడగలేదు. మొహంలో నవ్వు ఆరిపోయింది. దవడ బిగుసుకుంది. ఆ దవడ మేస్త్రీది.

లేచి పక్కకి జరిగింది.

"ఎత్తండి, మేస్త్రీ" అంది.

వీధిలోవాళ్ళకి అది మర్యాదలా వినపడింది.

ఎత్తాడు. ఒంటిచేత్తో లాగితే పైకి పోయింది, తను చేసినట్టే. జనం చప్పట్లు కొట్టారు. లోపల గోడకి వరసగా అద్దాల అరలు. నడిమి అరలో, ఖరీదైన ఫ్రేము ఉండాల్సిన చోట, చేతి వేలంత నల్లద్దం ముక్క ఉంది. అంచులు గీసుకోకుండా చుట్టూ ఎర్ర గుడ్డతో సన్నటి కుట్టు.

మేస్త్రీ దాన్ని గుర్తుపట్టాడు. ఆ ముక్క కంటికి పెట్టుకుంటే వెల్డింగు మంట ఏమీ చేయదు. ఎంతసేపైనా చూడొచ్చు. చూడకు అని తను అరిచిన తర్వాత పిల్ల ఇంటికి పరుగెత్తి, అది తెచ్చుకుని, ఎక్కడో నక్కి చూసిందన్నమాట.

"ఇదేంటమ్మా?" అని ఎవరో ఆవిడ అడిగింది.

"ఏం లేదండీ. పాత ముక్క" అంది కూతురు. తీసి సొరుగులో పడేసి మూసేసింది.

మేస్త్రీ చూపు మూసిన సొరుగు మీదే ఆగిపోయింది. అయినా కళ్ళ ముందు నిలిచింది ఆ ముక్క కాదు, దాని చుట్టూ ఉన్న ఎర్ర కుట్టు. తన అద్దానికి కూడా వాడి కుట్టే. తనని చూడటానికి కూడా పిల్ల వాడి దగ్గరికే వెళ్ళింది.

మర్నాడు పొద్దున వరండాలో చెప్పులు తొడుక్కుంటుంటే, గ్రిల్లుకి అటువైపు నుంచి టైలరు పిలిచాడు. మిషను ఆపి ఉంది.

"మేస్త్రీ, వెళ్ళి పిల్లతో ఒక్క మాట మాట్లాడు. ఎందుకు చేశావో చెప్పేయ్. అర్థం చేసుకుంటుంది."

"నువ్వెందుకు కప్పిపుచ్చావ్?"

"నీ కూతురి ముందు నువ్వు చిన్నబోతే నాకేం బాగుంటుందయ్యా?"

మేస్త్రీకి అన్నిటికన్నా ఎక్కువ మండింది అక్కడే. పిల్లని తీసుకున్నాడు. నవ్వు తీసుకున్నాడు. నిన్న ఆ నాలుగు నిమిషాలు తన పరువు కూడా చేతిలో పట్టుకుని, ఉంచుకోకుండా తిరిగిచ్చాడు. ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఇది ఇచ్చాడు.

"నువ్వు పిలిపించుకోకుండా ఉంటే ఇదంతా వచ్చేది కాదు" అన్నాడు.

"ఏం పిలిపించుకున్నాను?"

మేస్త్రీ గ్రిల్లు మీద చెయ్యి వేశాడు. ఊచలు పొద్దుటి చలికి చల్లగా ఉన్నాయి.

"మేస్త్రీ, ఆ షట్టరు సంగతి..."

"ఆ మాట ఎత్తకు" అన్నాడు మేస్త్రీ. "నా దగ్గర నువ్వు ఎత్తకు. అది వచ్చి అడిగినా నేను ఎత్తను. పోయేదాకా ఎత్తను."

చెప్పులు తొడుక్కుని షెడ్డుకి వెళ్ళిపోయాడు.